బుగ్గల్లో నీడ

అమ్మా, నేను కులాసా. నా ఫోటో చూసి నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావని చెల్లి రాసింది.

నేనేమీ చిక్కిపోలేదు. కొత్తగా కొన్న చిన్న కెమెరాతో నలుపు తెలుపు ఫోటోలు తీస్తున్నాను. కాంట్రాస్ట్ పూర్తిగా పెంచితే మధ్యనుండే బూడిదరంగంతా ఎగిరిపోయి, బుగ్గ మీద కాస్త నీడ పడినా గుంటలా కనిపిస్తుంది. మా బేకరీ మాస్టరుని కూడా పొయ్యి వెలుగులో అలాగే తీశాను. పక్కకి తిరిగితే గానీ గుమ్మంలో పట్టని మనిషి! దుకాణం గోడకి అంటించిన ఆ ఫోటో చూసి, ఊరినుంచి వచ్చిన వాళ్ళావిడ ఘొల్లుమంది.

"అయ్యో, సగమైపోయారండీ! ఇక్కడ మీకు తిండి పెట్టట్లేదా?"

ఆయన ఎదురుగానే ఉన్నాడు. నోట్లో రొట్టె గబుక్కున మింగేసి, "ఏం చెప్పమంటావే, ఒకటే నీరసం" అన్నాడు.

నాన్న దగ్గు తగ్గిందా? వంటింటి కిటికీ బాగుచేయించారా? నా గళ్ళ దుప్పటి పంపు, ఊలు శాలువా చెల్లిని కప్పుకోమను.

రంగుల ఫోటో పంపమన్నావుట. పంపను. నా బుగ్గలు చూశావంటే నీ బెంగంతా తీరిపోతుంది. ఇంకొన్నాళ్ళు ఉండనీవే, బాగుంది.

నాన్నకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

నీ బొండాం