తెల్లబడిన పీచు

9 ఫిబ్రవరి 2004
సంతబొమ్మాళి. వదిన ఉప్పుటేటి గోతిలోంచి కొబ్బరి డొక్కలు పైకి తీసింది. పది నెలలు నానాయి. మోకాలిలోతు నల్లనీళ్లు, కుళ్లు వాసన. కర్రతో కొడుతోంది. పీచు విడిపోతోంది. అన్న మంచం మీంచే చూస్తున్నాడు. రెండు కిడ్నీలూ...

11 ఫిబ్రవరి
టెక్కలి. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ను కలిశాను. పీచులో సెల్యులోజ్ ఎంత, పోగు ఎంత బరువుకు తెగుతుంది — పరీక్షిస్తాడు. గట్టి పీచు ఏ ఊరిదైతే ఆ ఊరికి ప్రభుత్వం పీచుతాళ్లు పేనే షెడ్డు ఇస్తుంది. పోటీ మందసతో. షెడ్డు వస్తే వదిన అన్నను వదిలి పలాసకు, జీడిపిక్కల పనికి, పోనక్కర్లేదు.

12 ఫిబ్రవరి
"ఎంత పీసు కావాలేటి బాబూ?"
"గుప్పెడు చాలు వదినా. పెద్దవాళ్లు చూసేది. శుభ్రంగా ఇవ్వు."
"మసి మొకంతో పెళ్లికెల్తామేటి!"

20 ఫిబ్రవరి
లెక్చరర్‌కు పొట్లం ఇచ్చి వచ్చాను. పీచు తెల్లగా ఉంది. మా ఊళ్లో అంత తెల్లటి పీచు ఎప్పుడూ చూడలేదు. విలేకరిని, అడగడమే నా ఉద్యోగం. అడగలేదు.

4 మార్చి
రిపోర్టు ఒక పేజీ. మందస పీచు మోసిన బరువులో సగానికే మనది తెగింది. లెక్చరర్ ఒక పోగు నా చేతికిచ్చి లాగమన్నాడు. తెగింది.
"ఏదో మందులో నానబెట్టారు సార్. రంగుతోపాటు బలమూ పోయింది" అన్నాడు.
మళ్లీ పరీక్షిస్తారా అని అడిగాను. గడువు అయిపోయిందన్నాడు.

5 మార్చి
వదినను అడిగాను. పంచాయతీ బావిలో వేసే బ్లీచింగ్ పౌడర్. అడిగి తెచ్చుకుని రెండు రోజులు నానబెట్టింది.
"గోతి కంపుతో పంపితే మన ఊరోళ్లని ఏటనుకుంటారు? సుబ్బరంగా అన్నావు కదా... తప్పా బాబూ?"
కాదన్నాను. ఫలితం ఇంకా తేలలేదన్నాను. రెండూ అబద్ధాలే.

9 మార్చి
మందసకు షెడ్డు. వార్త నేనే రాశాను. నాలుగు లైన్లు. కారణం రాయలేదు.

11 మార్చి
వదినకు చదువు రాదు. అన్న పేపరు చదివాడు. మడిచి తలకింద పెట్టుకున్నాడు.
"దానికి నువ్వే సెప్పరా. నాకు నోరు రాదు."

18 మార్చి
చెబుదామనే వెళ్లాను. వదిన గోతిలో ఉంది. కొత్త డొక్కలు నింపుతోంది, తేలకుండా పైన రాళ్లు పెడుతోంది.
"షెడ్డొచ్చేసరికి సరుకుండాల కదా. సూత్తా నిలబడ్డావేటి? ఆ రాయి అందీ."
అందించాను. ఇంకొకటి అడిగింది. అదీ అందించాను...