అపోలీన్ మీద తువ్వాళ్లు

నెవాయ్ పల్లె, దీవి తూర్పు తీరం.

నౌమెయా పట్నంలో యాత్రికులకు ఇల్లుబండ్లు అద్దెకిచ్చే నీలిగవ్వ ఆఫీసువారికి, ఒడ్డున ఉండే ఎలోయి ముసలాడు దండం పెట్టి రాసేది.

మీ బండి ఒకటి వచ్చి నా ఒడ్డున ఆగింది. అందులో ఆలుమగలు. మంచివాళ్లే. ఇంటికి మాత్రం రాలేదు. మా దగ్గర ఎవరొచ్చినా ముందు ఇంటికొచ్చి, చాప మీద ఓ గుడ్డముక్క పెట్టి, "వచ్చామయ్యా, ఉండనివ్వండి" అంటారు. మేం సరేనంటాం. తర్వాత ఎన్నాళ్లున్నా అడగం. నేను వాకిట్లో కూర్చుని దగ్గాను. చెయ్యి ఊపారు. మళ్లీ దగ్గాను. ఆయన అక్కణ్నుంచే దగ్గుబిళ్ల విసిరాడు.

ఒడ్డున నా భార్య అపోలీన్ సమాధి ఉంది. శిలువకు పూలగుడ్డ చుట్టి ఉంటుంది. ఏడాది దుఃఖం విడిచే రోజున కొండ అవతలినుంచి ఆమె అన్నదమ్ములు వస్తారు. ఆమెకు ఇక్కడ మర్యాద లేదనిపిస్తే తమ నేలకు తీసుకుపోతారు. ఆ హక్కు వాళ్లది. కాబట్టి మీవాళ్లను ముందు ఇంటికి రమ్మనండి. అంతే.

ఎలోయి

మరిచాను: శిలువ మీద ఆ బండిలో ఆవిడ ఈతబట్టలు ఆరేసింది. అపోలీన్ సిగ్గరి. నాకంటే కూడా.

*

నౌమెయా.

గౌరవనీయులైన ఎలోయి గారికి,

మీ ఆహ్వానం మా ఆఫీసు మొత్తాన్ని కదిలించింది. మీ ఆచారాన్ని యాత్రికుల కరపత్రంలో అచ్చు వేయించాం: "నెవాయ్ ఒడ్డున ఆగేవారు గుడ్డ పరిచి, నమస్కారం చెప్పవలెను." గుడ్డ కోసం ఎవరూ వెతుక్కోకుండా ప్రతి బండిలోనూ మా పేరు కుట్టిన తెల్ల తువ్వాళ్లు ఉంచాం. ఇకమీదట మీ ఒడ్డు వెలితిగా ఉండదు.

భవదీయురాలు,
సొలాంజ్ వెర్నియె
అతిథి మర్యాదల విభాగం

తా.క.: దగ్గుకు అల్లం మంచిదట.

*

సొలాంజ్ దొరసానిగారికి, దగ్గు లేని ఎలోయి రాసేది.

బండ్లు వస్తున్నాయి. తువ్వాళ్లూ వస్తున్నాయి. ఇంటికి కాదు. శిలువకు చుట్టిన గుడ్డ కనబడింది గదా, పెట్టే చోటు అదేననుకున్నారు. సమాధి మీదే పరుస్తున్నారు. కొందరు ఈదొచ్చి, ఒళ్లు తుడుచుకుని మరీ పరుస్తున్నారు.

నిన్న ఒకాయన అడిగాడు.

"తాతా, ఇది ఏ మహాత్ముడి సమాధి?"

"నా పెళ్లాంది."

"మహిమలున్నాయా?"

"కోపమొస్తే ఉండేవి."

ఆయన ఇంకో తువ్వాలు పరిచాడు.

చచ్చినవాళ్ల ముందు పెట్టిన గుడ్డ వాళ్లదే. తీయకూడదు. గుట్ట పెరుగుతోంది. ఆమె అన్నదమ్ములు వచ్చే రోజు దగ్గర పడింది. చూసి ఏమంటారో. మా ఇల్లు కొబ్బరిచెట్ల పక్కనే, ఎర్ర రేకుల కప్పు. అక్కడికి రమ్మని చెప్పండి.

ఎలోయి

మరిచాను: పెట్టినవాళ్లకు బదులివ్వాలి. తువ్వాలుకో పెండలం ఇస్తున్నాను. చేను ఖాళీ అయింది.

*

ఎలోయి గారికి,

మా తువ్వాళ్లు మీ స్థలంలో గుట్టగా పడి ఉన్న ఫోటో ఒక యాత్రికుడు పంపాడు. చాలా బాధ కలిగింది. అవి సంస్థ ఆస్తి. ఉతికి, మడిచి, వెంటనే పంపగలరు. పెండలాల మీద కూడా ఫిర్యాదులున్నాయి. బండిలో పొయ్యి చిన్నది, పెండలం పెద్దది. చిన్నవి ఇవ్వగలరు.

సొలాంజ్ వెర్నియె

తా.క.: మీ శ్రీమతిగారికి మా నమస్కారాలు. ఎంతమంది వచ్చి ఆగినా ఒక్క మాట అనరట. అందరూ మెచ్చుకుంటున్నారు.

*

దొరసానిగారికి, కంగారుగా రాసేది.

అన్నదమ్ములు వచ్చారు. ఆమె పెద్దన్న ఫిర్మిన్ గుట్ట కేసి చూశాడు. నేను నా కాళ్ల కేసి చూశాను.

"బావా, ఎవరు పెట్టారివి?"

"వచ్చేపోయేవాళ్లు."

"మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత గుడ్డ పడలేదు గదయ్యా!" అని భోరుమన్నాడు. "నోట్లో నాలుక లేనివాడివనుకున్నాం. చెల్లెలికి ఇంతమంది చుట్టాల్ని ఎట్లా సంపాదించావు?"

నిజం చెప్పాలి. జారిన తువ్వాలొకటి సర్దాను.

ఇంత గుడ్డకు పుట్టింటివాళ్లు బదులివ్వాలి. తువ్వాళ్ల మీద మీ పేరు చదివారు. రెండు లారీల్లో పెండలాలూ, పందీ వేసుకుని మీ ఆఫీసుకు బయల్దేరారు. మీ గేటు ముందు నిలబడతారు. పిలవరు, తోసుకురారు. ఎవరో ఒకరు బయటికొచ్చి ఒక్క మాట అనండి. ఏ మంచిమాటైనా ఫర్వాలేదు. ఎవరూ రాకపోతే చెల్లెలికి అవమానం జరిగిందంటారు. తీసుకుపోతారు.

ఎలోయి

మరిచాను: పంది కరవదు.

*

ఎలోయి గారికి,

మీ లేఖ ఆలస్యంగా అందింది. ఆ రోజు మా సిబ్బంది అందరికీ అతిథి మర్యాదల మీద శిక్షణ జరుగుతోంది. గేటు వేసి ఉంది. కావలివాడు సముద్రం అవతలినుంచి కొత్తగా వచ్చినవాడు. కూరగాయలవాళ్లనుకుని "మాకొద్దు" అన్నాడట. అయినా పొద్దువాలేదాకా ఎండలో అలాగే నిలబడ్డారట. గేటుకు గంట ఉంది కదా, ఒక్కరైనా నొక్కలేదు! మీవాళ్లకు పద్ధతులు నేర్పగలరు.

సొలాంజ్ వెర్నియె

తా.క.: పంది ఫోటో బాగా వచ్చింది. కరపత్రంలో వాడుకోవచ్చా?

*

సొలాంజ్ దొరసానిగారికి, ఎలోయి రాసేది.

అపోలీన్‌ను తీసుకుపోయారు.

ఫిర్మిన్ కేకలు వెయ్యలేదు. "బావా, నీ చుట్టాలు లోపలే ఉన్నారు. నవ్వులు వినబడ్డాయి. తలుపు తియ్యలేదు," అన్నాడు. అంతే. తవ్వేటప్పుడు నేనూ గునపం పట్టాను.

ఒడ్డు ఇప్పుడు చదునుగా ఉంది. బండ్లకు బాగుంటుంది. ముందు ఇంటికి రానక్కర్లేదు. ఇంట్లో ఎవరూ ఉండరు. నేను కొండ అవతలికి పోతున్నాను. వాళ్ల చాప మీద గుడ్డ పెట్టి, ఆమె పక్కన కాసేపు కూర్చోనివ్వమని అడగాలి. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ పోతాను.

ఎలోయి

మరిచాను: ఆ రోజు గేటు దగ్గర మీరు అనని మాట ఒకటి మీ దగ్గరే ఉండిపోయింది. వాడకం లేకపోతే పంపండి. నాకు మాటలు తక్కువ.