చివరి టేబుల్ దాకా

మూర్తీ,

పెద్ద ఆన్‌లైన్ పోకర్ పోటీ ఇద్దరం కలిసి ఆడదామని మాటిచ్చి, ఆడకుండానే ఇండియా వెళ్లిపోయావు. అక్కడే చనిపోయావు. అప్పట్లో ఆస్ట్రేలియాలో, టూవూంబా యూనివర్సిటీలో నలభై దాటాక చదువుకుంటున్నవాణ్ణి నేను, ఇరవయ్యేళ్ల రూమ్మేటువి నువ్వు.

ఒకే టేబుల్ ఆటలో నువ్వే గురువు. "ఆగు అన్నయ్యా, వాళ్లలో వాళ్లే కొట్టుకుని పోతారు" అనేవాడివి. నువ్వు పోయాక వందల టేబుళ్ల పోటీల్లోనూ అలాగే ఆగేవాణ్ణి. ఆగినా కట్టక తప్పని పందేలు పెరిగేకొద్దీ నా చిప్స్, ఆ పందెం బిళ్లలు, కరిగిపోయేవి. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ అలవాటు పోలేదు.

నిన్నటి పెద్ద పోటీలో మాత్రం మొదట్నించీ తెగించి ఆడాను. మిగిలిన కొద్దిమందీ కూర్చునే చివరి టేబుల్‌కు చేరాక నీలా ఆగాను. గెలిచాను.

"అది ప్లే మనీయే, ఉత్తుత్తి డబ్బే కదా, తాతయ్యా" అని మనవరాలు నవ్వింది. నాకదే చాలు. హాయిగా టీ తాగాను.

నువ్వుంటే ఎగతాళి చేసేవాడివి. చదువు మానేసి జూదమాడుతున్నావని మీ నాన్నకు అబద్ధం చెప్పి నిన్ను వెనక్కి రప్పించిన మనిషిని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. ఆ మనిషి మీ బావ సుధాకర్.