మహాసభలో నా చెయ్యి

1948 సెప్టెంబరు 18, సికింద్రాబాద్
భారత సైన్యం ఊళ్లోకి వచ్చేసింది. బోయిగూడ వీధిలో కొందరు జేజేలు పలుకుతున్నారు, కొందరు తలుపులు వేసుకున్నారు. బడికి సెలవు.

అక్టోబరు 5
పల్లెల నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం కుటుంబాలు మా మిషన్ బడి వరండాలో. కుల్సుంబీ అని ఒకామె, ఒళ్లో పసిబిడ్డ. "మా ఆయన్ని చంపిండ్రు టీచరమ్మా. రజాకారు గాదు, దర్జీ పని చేసేటోడు." తరగతి గది తెరిచాను. ఎవరినీ అడగలేదు.

అక్టోబరు 10
చర్చి కమిటీలో గొడవ. సంఘపెద్ద ఎబినేజరు గారు మండిపడ్డారు — "రజాకార్లు మనోళ్ల ఇండ్లు కాలవెట్టినప్పుడు గీళ్లు ఏడున్నరు? బడి ఖాళీ చేపియ్యాలె." చివరికి పాస్టరుగారు, "మహాసభ ఏమంటదో చూద్దాం. అప్పటిదాకా ఉండనియ్యండి." అన్ని ప్రాంతాల చర్చిలూ కలిసి మద్రాసులో జరిపే ఆ సభకు ఇక్కడి విశ్వాసుల తరఫున వెళ్లవలసింది నేనే. భయంగా ఉంది...

1949 జనవరి 11, మద్రాసు
ఎంత సభ! ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రతి అధ్యక్ష మండలం నుంచీ బిషప్పులు, పాస్టర్లు, నాలాంటి మామూలు విశ్వాసులు. ఒక్కో మాటా తెలుగులో, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో తిప్పి చెబుతున్నారు. ఎవరూ విసుక్కోరు. ఒక పెద్ద బిషప్పు గడువు దాటి మాట్లాడితే గంట కొట్టారు. ఆయన నవ్వి కూర్చున్నారు!

జనవరి 13
నా తీర్మానం — ఆపదలో వచ్చిన వాళ్లకు, ఏ మతమైనా, మన బడుల్లో చోటివ్వాలని. లేచాను. కుల్సుంబీ చెప్పిందే చెప్పాను.
గుంటూరు పాస్టరుగారు అడ్డు చెప్పారు. సభ గొణిగింది. అధ్యక్షులు చెయ్యి చాచి, "ఆయన్ను పూర్తిగా చెప్పనివ్వండి." ఆ పద్ధతే కదా నాకూ నోరిచ్చింది!
"మన వాళ్లూ గూడు లేక ఉన్నారండీ, వాళ్లనీ చూడొద్దా?" అన్నారాయన. నిజమే. ఆ మాటా తీర్మానంలో చేర్చారు. చేతులెత్తమన్నారు. బిషప్పు చెయ్యి, నా చెయ్యి — ఒకటే లెక్క. గుంటూరు ఆయనా ఎత్తారు. నెగ్గింది. కళ్లు తుడుచుకున్నాను.

జనవరి 14
సంబరపడుతుంటే కార్యదర్శిగారు మెల్లగా చెప్పారు — మహాసభ దారి చూపుతుందట, బడి మీద చివరి మాట మాత్రం ఊరి సంఘానిదేనట. పై నుంచి రుద్దరట. నిన్న అదే నచ్చింది. ఇవాళ అదే భయం.

జనవరి 17, సికింద్రాబాద్
స్టేషన్లో ఎబినేజరు గారు! నా పెట్టె అందుకున్నారు.
"ఏమన్నరు ఆడ?"
చెప్పాను.
"బిషప్పులు సుత చెయ్యెత్తిండ్రా?"
"ఎత్తారు. కానీ తేల్చుకోవాల్సింది మనమేనండీ."
స్టేషను బయటికి నడిచాం. రిక్షాలో పెట్టె పెడుతూ అన్నారు — "ఆదివారం కమిటీ పెడుదాం. గని నా చెయ్యి లేస్తదో లేవదో నాకే ఎర్క లేదమ్మా."