డేటు ముక్కలు

చిన్నోడా,

ఈ ఉత్తరం అందేలోపే ఆఫీసు కాగితం నీ చేతికి వచ్చి ఉంటుంది. ఫిర్యాదు ఎవరు చేశారో అందులో రాయరు. పరాయివాళ్ల నోట వినేకన్నా నా చేత్తో నేనే రాస్తే మర్యాదగా ఉంటుందనిపించింది. ఆ ఫిర్యాదు ఇచ్చింది నేనే.

మంగళవారం మా మందుల కౌంటరు దగ్గరికి దర్జీ ఆవిడ వచ్చింది. నీ యూనిఫాం చొక్కాకి జేబు కుట్టిపెట్టింది, ఆవిడే. ఏళ్లుగా మూర్ఛ మాత్రలు మా ఆస్పత్రిలోనే తీసుకుంటోంది. పోయిన నెల మా దగ్గర ఆ మాత్రలు లేవు. మాకు మందులు పంపే పెద్ద స్టోరు వాళ్ల సంగతి తెలిసిందేగా, మూడు నెలల్లో డేటు అయిపోయే మందులన్నీ పెట్టెలకొద్దీ మా నెత్తిన వేస్తారు. అవి వాడకుండానే పాడైపోతాయి. ఆ తర్వాత కాళ్లు పట్టుకున్నా కొత్త స్టాకు రాదు. బయట కొనుక్కోమని ఆవిడని నేనే పంపాను. బస్టాపు మూలనున్న కొట్లో కొనుక్కుంది. వారం తిరక్కుండా ఇస్త్రీ చేస్తూ చేస్తూ మూర్ఛ వచ్చి పడిపోయింది. ఎడమ అరచెయ్యి ఇస్త్రీపెట్టె కింద ఉండిపోయిందట. ఆ కట్టుతోనే వచ్చి, మిగిలిన మాత్రల షీటు నా ముందు పెట్టి, "ఇవి పని చెయ్యట్లేదమ్మా, మీ దగ్గరివే ఇవ్వండి" అంది.

ఆ షీటు చివర కత్తెరతో తిన్నగా కోసి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. అవి మా దగ్గరివే.

నా పద్ధతి నీకు తెలియంది కాదు. డేటు అయిపోయిన ప్రతి షీటుకీ, బ్యాచ్ నంబరూ తేదీ అచ్చేసిన చివర కోసి రిటర్న్ రిజిస్టర్లో అంటిస్తాను. మిగతాది గోనెసంచిలో కట్టి, కాల్చే చోటికి నీ బండిలో పంపిస్తాను. సంచి గుమ్మం దాటాక నా దగ్గర మిగిలే సాక్ష్యం ఆ ముక్కలే. ఎవరూ చెప్పకుండా నేనే మొదలుపెట్టిన పని ఇది. తనిఖీకి వచ్చిన స్టోర్ ఆఫీసరు ఆ రిజిస్టరు తిరగేసి, వచ్చే నెల నుంచి అన్ని ఆస్పత్రులూ ఇలాగే చెయ్యాలని ఆర్డరు వేయిస్తానన్నాడు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో నువ్వూ చూశావు.

దర్జీ ఆవిడ ఇచ్చిన షీటు మీద మందు పేరు ఒక అక్షరం మధ్యలో తెగి ఉంది. మిగతా సగం నా రిజిస్టర్లో ఎక్కడో ఉండాలి. కౌంటరు మూసేశాక ఆ మందు పేజీ తీసి, ఒక్కొక్క ముక్క పక్కనే షీటు ఆనించి చూశాను. పదకొండో ముక్క దగ్గర అక్షరం అతుక్కుంది. ఆ సంచిని నాలుగు నెలల కిందట నువ్వే ఎక్కించుకున్నావు. కాల్చేశామని రసీదు తెచ్చి నా చేతిలో పెట్టిందీ నువ్వే. నా చేతికీ ఆ మంటకీ మధ్యలో ఇంకెవరున్నారు చెప్పు?

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, అయినా సంతోషం లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు నాన్న గడియారం అమ్మేశావు. ఆ తర్వాత మారావని నమ్మి, నాలుగు గుమ్మాలు ఎక్కి దిగి నీకీ డ్రైవరు ఉద్యోగం ఇప్పించాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని అత్తయ్య అంటుంటే ఆవిడతో పోట్లాడాను కూడా. ఇప్పుడు ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? సంజాయిషీలు పట్టుకుని మా ఇంటికి రావద్దు. అమ్మకి నువ్వే చెప్పుకో.

ఇట్లు,
నీకు పూచీ పడి తలదించుకున్న
అక్క

*

అక్కా,

నీలా రాయడం నాకు రాదు. తప్పులుంటే సర్దుకుని చదువు.

కాగితం వచ్చింది. బండి తాళాలు ఇచ్చేశాను. ఎందుకు సస్పెండ్ చేశారో అప్పటికి తెలీదు. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. రెండు రోజులు ఏమీ తినలేదు. మూడో రోజు బస్సెక్కి ఆ కాల్చే యార్డుకి పోయాను.

అక్కా, ఆ బట్టీ పోయిన వానల్లోనే పాడైంది. అప్పటినుంచి అక్కడ ఒక్క మాత్ర కూడా కాలలేదు. సంచులు దింపి షెడ్డులో పడేయడమే. ఆ షెడ్డుకి తలుపు ఉంది, తాళం లేదు. రసీదు పుస్తకంలో పేజీపేజీకీ ముందే ముద్ర కొట్టి పెట్టారు. సంచులు ఎన్నో వాచ్‌మన్ రాసి చింపి ఇస్తాడు. కాల్చినట్టు అచ్చులోనే ఉంటుంది.

ఇది నీకు అప్పట్లోనే చెప్పాను. గుర్తు తెచ్చుకో. కౌంటరు ముందు లైను గేటు దాకా ఉంది. నేను పక్క కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, అక్కడ ఏమీ కాలట్లేదు" అన్నాను. నువ్వు తలెత్తకుండా, "రసీదు వచ్చిందిగా? నీ పని బండి తోలడం, అది చూసుకో" అన్నావు. పదిమంది నవ్వారు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. మానకుండా ఉండాల్సింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

ఇంకోటి కూడా ఉంది. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. షెడ్డులో మిగతా ఆస్పత్రుల సంచులన్నీ అలాగే పడి ఉన్నాయి, ఎలకలు కొరుకుతున్నాయి. మన సంచి ఒక్కటీ లేదు. ఏమయ్యాయని వాచ్‌మన్‌ని అడిగాను. వాడు నవ్వి, "మీ సంచులు దింపిన వారంలోపే మాయమైపోతాయి బాబూ. మిగతావాటి మీద డేటు ఉంటుంది, ఎవడు కొంటాడు? మీవి శుభ్రంగా కోసి ఉంటాయి" అన్నాడు.

ఎవరు పట్టుకుపోతున్నారో వాడు చెప్పలేదు. చెప్పడు కూడా.

గడియారం సంగతి రాశావు. నేను దొరికిపోలేదక్కా. నా అంతట నేనే నీ దగ్గరికి వచ్చి చెప్పాను. పన్నెండేళ్లు అవుతోంది. అది మర్చిపోయి దొంగతనం ఒక్కటే గుర్తు పెట్టుకున్నావు.

అమ్మకి ఇంకా చెప్పలేదు. డ్యూటీకి పోతున్నట్టే పొద్దున్నే బయల్దేరి సాయంత్రం వస్తున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు

*

చిన్నోడా, నా తండ్రీ,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులు. వెంటనే రాయనందుకు కోపం తెచ్చుకోకు. రాయడానికి మాటలు సరే, ముందు పని చెయ్యాలనిపించింది.

మొదట నిన్ను నమ్మలేదు. ఈ ఒక్కసారికి నిజమే రాస్తాను. తప్పించుకోవడానికి కథ అల్లావనుకుని యార్డుకి పోయాను. షెడ్డులో ఇరవై ముప్పై సంచులు ఉన్నాయి. ఒక సంచి చినిగి సిరప్పు సీసాలు బయటికి దొర్లాయి. ఒక షీటు ఏరి తిప్పి చూశాను. ఏడాది కిందటి డేటు, కళ్లకి కొట్టొచ్చినట్టు ఉంది. అన్ని సంచులకీ కట్టిన అట్టలు చదివాను, మా ఆస్పత్రి అట్ట ఒక్కటీ లేదు. ఆ వాచ్‌మన్ నాకు కుర్చీ వేసి, "మీరేనా అమ్మా ఆ కోసే మేడమ్?" అని అడిగాడు. అక్కడ నాకు పేరే పడిపోయింది.

దొంగలకి కావలసిన పని నేను చేసిపెట్టాను. మందు మీద దాని వయసు చెప్పేది ఆ చివరి ముక్క ఒక్కటే. దాన్ని కోసి, నా రిజిస్టర్లో భద్రంగా దాచుకుని, మిగతాది పంపించాను. నన్ను నేను కాపాడుకోవడానికి చేసిన పని అది. నా మీద మాట రాకూడదు, లెక్క తప్పిందని ఎవడూ అనకూడదు. ఆ మాత్ర ఎవరి నోట్లో పడుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కిటికీ దగ్గర నువ్వు చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. ఆ నవ్విన పదిమందిలో నేనూ ఉన్నాను.

రెండో ఫిర్యాదు రాసి స్టోర్ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాను. బట్టీ సంగతి, ముద్ర కొట్టిన రసీదుల సంగతి, నా కత్తెర సంగతి అన్నీ రాశాను. ఆయన చదివి, మడిచి, నా వైపే తోశాడు. "చూడమ్మా, డ్రైవరు మీద చర్య అయిపోయింది, ఫైలు మూసేస్తున్నాం. ఇది తీసుకుంటే మీ ఉద్యోగానికీ ముప్పే, నా ఉద్యోగానికీ ముప్పే. మీ తమ్ముడికి ఇంకెక్కడైనా బండి దొరుకుతుంది" అన్నాడు. ఎంత మెత్తగా చెప్పాడో తెలుసా? టీ కూడా తెప్పించాడు. ఆ టీ తాగకుండా లేచి, నీ మీద వేసిన విచారణ సంఘానికి నేరుగా ఇచ్చి వచ్చాను. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయట్లేదు. లేచేముందు ఒక్క క్షణం ఆ కాగితం చింపేద్దామని చెయ్యి పోయింది. అది కూడా నీకు తెలియాలి.

నీ సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ ఆర్డరు నకలు ఇందులో పెట్టాను. సోమవారం పోయి బండి తాళాలు తీసుకో. నన్ను కౌంటరు నుంచి తప్పించారు, విచారణ తేలేదాకా ఇంట్లోనే. పట్టుకుపోయినవాళ్లెవరో ఇంకా దొరకలేదు. దొరుకుతారని నాకు నమ్మకం లేదు. ఆఫీసరు కుర్చీ కదల్లేదు. బట్టీ బాగు చేస్తామని ఒక కాగితం మాత్రం తీశారు.

దర్జీ ఆవిడ ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. లోపలికి పోయి కొత్త మాత్రలు తెచ్చి, "దీని మీద డేటు ఎక్కడుంటుందో చూపించమ్మా, నాకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు" అంది. చూపించాను. కాలిన చేతి వేళ్లు ఇక పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడట. సూది పట్టేది కుడి చేత్తోనే కదా అని నాకే ధైర్యం చెప్పింది.

నువ్వు దాచినా నిన్న నేనే వచ్చి అమ్మకి చెప్పేశాను. అప్పుడు నువ్వు ఇంట్లో లేవు. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. షీటు, రిజిస్టరు, పదకొండో ముక్క, ఫిర్యాదు, యార్డు, అన్నీ. అమ్మ బట్టలు మడతపెడుతూ విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆ మొదటి కాగితం రాసేముందు, వాణ్ణి పిలిచి అడిగావా?"

ఇన్ని రోజులుగా విచారణలో ఎవరేం అడిగినా తడుముకోకుండా చెబుతున్నాను. అమ్మకి మాత్రం లేదని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ నీ చొక్కా మడతపెట్టి పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు.

నువ్వు మాట్లాడాలని కూడా అడగను, ఆ హక్కు లేదు.

ఇట్లు,
నిన్ను అడగని
అక్క