ముసుగువాడి సంగతి

పుష్పా,

చేపలు పందిరి మీద ఎండబోశాను. కాకులు రాకుండా చూడు. నేను మైపాడు పోయి సాయంత్రానికి వస్తాను.

మిషను బంగళా నుంచి నువ్వు తెచ్చిన కొత్త బొమ్మల పుస్తకాలు ఐదూ చూశాను. ఇంగ్లీషు రాకున్నా బొమ్మలు తెలుస్తాయి. వాటిలో ఆకాశంలో ఎగిరేవాడు పనికిరాడు. వంతెన మీంచి రైలు పడకముందే వచ్చి పట్టుకుంటాడు. మీ అమ్మ జబ్బుకు బండి తెస్తానన్న మీ మామే వేళకు రాలేదు, వీణ్ణెలా నమ్మేది? ముసుగువాడు నయం, దెబ్బలు తింటాడు.

పాత పుస్తకాలు ఇంతకంటే బాగుండేవనుకున్నాను. కాదు, మీ అమ్మ బాగా చెప్పేది. ఆమెకూ ఇంగ్లీషు రాదు. ఎగిరేవాణ్ణి చూపించి, "కొత్తల్లుడు మే. అత్తగారింటికి పోయే తొందరలో లోపలి చెడ్డీ పైన తొడుక్కొచ్చినాడు" అనేది. నువ్వు పొర్లి పొర్లి నవ్వేదానివి. ఆమె పోయాక ఆ పుస్తకాలను చేపలు చుట్టడానికి ఇచ్చేశావు. అది నేను మరిచిపోను.

ముసుగువాడు మొహం ఎందుకు దాచుకున్నాడో కూడా ఆమె చెప్పేది. పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను, గుర్తు రావడం లేదు. నీకు తెలిస్తే ఈ చీటీ వెనక రాసిపెట్టు. నోటితో చెప్పొద్దు.

మీ నాయన

ఆమె అన్న మాటలే రాయి. నీ చదువు కలపొద్దు.