ఇద్దరం పట్టుకున్న బొమ్మ

ప్లేనో,
మంగళవారం

హైమా,

మన బొమ్మల షాపు మూసేస్తున్నారు. ప్లేనోలోదే కాదు, అమెరికాలో ఉన్న బ్రాంచీలన్నీ. ఫోన్లో చెప్తే నువ్వు మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మా లహరితో వెళ్ళాను. అరలు సగం ఖాళీ అయ్యాయి. బొమ్మల వరుసలో నిలబడి దానికి మన సంగతి చెప్పాను. లహరికి రెండేళ్ళప్పుడు, క్రిస్మస్ రద్దీలో, మిగిలిన ఒకే ఒక్క బొమ్మ పెట్టెను నేను ఒకవైపు, నువ్వు ఒకవైపు పట్టుకున్నాం. నీకు అర్థం కాదనుకుని మా ఆయనతో, "ఈవిడ వదిలేలా లేదండీ" అన్నాను. "వదలనండీ, మా మేఘన పుట్టినరోజు" అన్నావు నువ్వు, నవ్వకుండా. ఈ దేశం వచ్చాక బయట ఒక ఆడమనిషి నోట తెలుగు వినడం నాకదే మొదలు. బొమ్మ సంగతి మరిచిపోయి, మీది ఏ ఊరని అడిగాను.

లహరి అంతా విని, "మరి ఫైనల్‌గా డాల్ ఎవరు తీస్కున్నారు అమ్మా?" అంది.

"ఎవరమూ కాదు. మేం పెట్టె పక్కన పెట్టి కబుర్లలో పడితే ఇంకెవరో పట్టుకెళ్ళిపోయారు."

అది పగలబడి నవ్వి, కౌంటర్‌లో అమ్మాయికి కూడా చెప్పింది. ఆ అమ్మాయి మనిద్దరినీ కలిపి ఒకసారి చూపించమంది.

శనివారం ఆఖరి రోజు. బెంటన్‌విల్ ఊరికి మారాక మోకాళ్ళ నొప్పులంటూ నువ్వు ఇటు రానేలేదు. మేఘనను డ్రైవ్ చెయ్యమను, దారిలో ఆగుతూ రండి. కొనడానికి అప్పటికి ఏమీ మిగలకపోవచ్చు. లైట్లు ఆర్పేదాకా ఆ వరుసలో నిలబడి మాట్లాడుకుందాం.

నీ కోసం చూస్తూ,
నీ స్నేహితురాలు